బోర్లించి చూడండి: పాత కళావస్తువులు చూడడం, కొనడం, దాచుకోవడం ఎలా

నేను మొట్టమొదట కొన్న క్యూరియో, అంటే ముచ్చటపడి దాచుకునే పాత వస్తువు, ఒక నెట్సుకే. జపాన్‌లో ఎడో కాలంలో (1603–1868) మగవాళ్లు వేసుకునే కిమోనోకి జేబులు ఉండేవి కాదు, అందుకని పొగాకు సంచీ, మందుల డబ్బీ లాంటివి తాడుకి కట్టి నడుముపట్టీ కింద వేలాడదీసుకునేవాళ్లు. ఆ తాడు జారిపోకుండా పట్టీ పైన అడ్డుగా ఉండే బొటనవేలంత బొమ్మే నెట్సుకే. నేను కొన్నది ముడుచుకుని పడుకున్న ఎలుక. దంతం అన్నాడు అమ్మినాయన, రెండు వందల ఏళ్ల నాటిది అన్నాడు, ముడతల్లో గోధుమరంగు కూడా పట్టి ఉంది, ఇంకేం, పడిపోయాను. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే గడ్డం కింద మొదలై తోక దాకా వెంట్రుకంత సన్నటి గీత. పోత పోసే అచ్చులో రెండు భాగాలు కలిసిన చోట మిగిలే గీత అది. అంటే చెక్కింది కాదు, రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పోత. ఆ గీత షాపులో ఉన్నప్పుడూ అక్కడే ఉంది, నేనే తిప్పి చూడలేదు.

పాత వస్తువుల మీద ఇష్టం పుట్టినవాళ్లకి నేను చెప్పేది అందుకే ఎక్కువగా ఈ తిప్పి చూడడం గురించే ఉంటుంది. వస్తువు ముఖం కొనేవాడి కోసం తయారవుతుంది. అడుగు, వెనక, లోపలి అంచు తయారీ కోసం మిగిలిపోతాయి, అక్కడ అబద్ధం ఆడడం కష్టం.

1. కొన్నాళ్లు ఏమీ కొనకండి

కనీసం ఒక ఆరు నెలలు. డబ్బు చేతిలో ఉన్నా సరే. ఈ ఆరు నెలలూ మ్యూజియంలకి వెళ్లండి, కానీ అన్ని గదులూ చుట్టేసి కాళ్లు నొప్పులు తెచ్చుకోవడానికి కాదు. ఒక్క వస్తువు ఎంచుకుని దాని ముందు పది నిమిషాలు నిలబడండి. మొదటి రెండు నిమిషాల్లో చూడాల్సిందంతా చూసేశాం అనిపిస్తుంది, మూడో నిమిషంలో విసుగొస్తుంది, అది దాటాక అసలు చూపు మొదలవుతుంది. గిన్నె అయితే అంచు ఎంత మందం ఉంది, ఆ మందం అడుగు దాకా అలాగే ఉందా, బొమ్మ వేసినవాడు కుంచె ఎక్కడ పెట్టి ఎక్కడ ఎత్తాడు, రంగు ఎక్కడ చిక్కబడింది, ఒకే పువ్వు రెండుసార్లు వేస్తే రెండోది ఎలా మారింది. చేత్తో వేసిన రెండు పువ్వులు ఎప్పుడూ ఒకేలా ఉండవు. కుదిరితే పెన్సిల్‌తో బొమ్మ గీయండి, ఎంత వికారంగా వచ్చినా ఫర్వాలేదు, గీస్తున్నప్పుడు మాత్రమే కనిపించే విషయాలు కొన్ని ఉంటాయి.

వెళ్లే వీలు లేకపోతే ఫోన్ ఉంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో మూడు లక్షల డెబ్బై అయిదు వేలకి పైగా ఫోటోలని ఎవరైనా ఎలాగైనా వాడుకునేలా ఉచితంగా ఇచ్చేసింది, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం కూడా అంతే ఉదారంగా ఉంటుంది. చాలా వస్తువులకి అడుగు భాగం ఫోటోలు కూడా పెడతారు. నేనైతే ముందు అవే చూస్తాను. కానీ బరువు, చల్లదనం, చేతికి తగిలే నునుపు ఫోటోలో రావు, దానికి వేలం సంస్థలవాళ్లు వేలానికి ముందు పెట్టే ప్రదర్శనలు ఉన్నాయి. చాలా చోట్ల ఎవరైనా వెళ్లొచ్చు, అడిగితే చేతికి కూడా ఇస్తారు. కొనాలన్న రూలేమీ లేదు.

2. ఒక సన్నటి దారి ఎంచుకోండి

లండన్‌లో హాన్స్ స్లోన్ అని ఒక డాక్టరుగారు ఉండేవారు. ఆయన పోయేనాటికి, అంటే 1753కి, దాదాపు 71,000 వస్తువులు పోగేశారు, నాణేలు, మొక్కలు, గవ్వలు, రాతప్రతులు, ఒకటని కాదు. బ్రిటిష్ మ్యూజియం పుట్టిందే ఆ పోగులోంచి. మనం ఆయన కాదు, మన ఇంట్లో అన్ని బీరువాలూ లేవు. "అందంగా ఉన్నవి కొంటాను" అనేవాళ్ల దగ్గర పదేళ్ల తర్వాత అందమైన గందరగోళం ఉంటుంది, ఏ ఒక్కదాని గురించీ గట్టిగా చెప్పలేరు.

నీలం తెలుపు పింగాణీ, కంచు బొమ్మలు, లక్క డబ్బీలు, వెండి చెంచాలు, చెక్కమీద చెక్కి అచ్చువేసిన బొమ్మలు, ఏదో ఒకటి. ఇంకా సన్నగా అయితే ఇంకా మంచిది, ఉదాహరణకి వెండి చెంచాల్లో ఒకే ఊరి ముద్ర ఉన్నవి. అలా చేస్తే ఏడాది తిరక్కుండానే ఆ చిన్న విషయంలో మామూలు షాపువాడి కంటే మీకే ఎక్కువ తెలుస్తుంది. షాపువాడు వెయ్యి రకాలు అమ్మాలి, మీరు ఒకటి చూస్తే చాలు.

3. చేత్తో పట్టుకోవడం

ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ చాలా వస్తువులు విరిగేది ఇక్కడే. ఉంగరాలు, వాచీ, మెడలో వేలాడే గొలుసు తీసేయండి. టేబుల్ మీద మెత్తటి గుడ్డ పరిచి, దానికి బాగా దగ్గరగానే ఎత్తండి. జగ్గుని పిడి పట్టుకుని ఎత్తకండి, పాత పిడి ఎప్పుడో విరిగి అతికించినది అయ్యుండొచ్చు. మూత ఉంటే ముందు మూత తీసి పక్కన పెట్టాలి, లేకపోతే బోర్లించగానే అది కింద ఉంటుంది. లోహాన్ని, లక్కపూత ఉన్నదాన్ని గ్లవ్స్‌తో, పింగాణీని, గాజుని కడిగి తుడుచుకున్న ఉత్త చేతుల్తో. గుడ్డ గ్లవ్స్‌తో గాజు పట్టుకుంటే జారుతుంది. అమ్మేవాళ్లని "చూడొచ్చా?" అని అడిగాకే ముట్టుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

4. ఇప్పుడు బోర్లించండి

కావాల్సినవి రెండే: పదింతలు పెద్దగా చూపించే భూతద్దం, ఒక చిన్న టార్చి. టార్చిని నిటారుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేస్తే గీతలు, సొట్టలు, అతుకులు నీడలతో సహా లేచి కనిపిస్తాయి.

పింగాణీ నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే ముద్రల పేరుతో ఎక్కువ మోసపోయేది ఇందులోనే. అడుగున ఒక వలయం ఉంటుంది, వస్తువు నిలబడే కాలు అన్నమాట. బట్టీలో అంటుకుపోకుండా ఆ వలయం మీద గ్లేజు (గాజులాంటి పై పూత) తుడిచేస్తారు, కాబట్టి అక్కడ ఉత్త మట్టి కనిపిస్తుంది. దాని మీద వేలు పెట్టి నెమ్మదిగా తిప్పండి. వందేళ్లు బల్లల మీద జరిగిన గిన్నెకి ఆ వలయం నున్నబడి ఉంటుంది, అరుగుదల ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ ఉంటుంది, రకరకాల దిక్కుల్లో చిన్న గీతలుంటాయి. పాతగా కనిపించాలని గరుకు కాగితంతో రుద్దినదానికి గీతలన్నీ ఒకే దిక్కుగా ఉంటాయి, మురికి కూడా అన్నిచోట్లా సమానంగా, కాఫీ నీళ్లలో ముంచి తీసినట్టు ఉంటుంది. జీవితంలో ఏ మురికీ అంత సమానంగా పట్టదు.

ఆ తర్వాతే ముద్ర చూడండి. ముద్ర అనేది ఆధారం కాదు, ఒక మాట మాత్రమే, మిగతా వస్తువు ఆ మాటని ఒప్పుకోవాలి. చైనా పింగాణీ మీద మింగ్ వంశపు చక్రవర్తి చెంగ్‌హువా (1465–1487) పేరు ఉందనుకోండి, అది ఆయన కాలానిదే అని గెంతులేయకండి. రెండు వందల ఏళ్ల తర్వాత కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో (1662–1722) కుమ్మరులే ఆ పాత పేరు వేసేవాళ్లు, అది పాతవాళ్ల మీద గౌరవం, మోసం కాకపోవచ్చు కూడా. ఇవాళ వేసేవాళ్లది మాత్రం గౌరవం కాదు. జర్మనీలో మైసెన్ ఫ్యాక్టరీ 1710లో మొదలైంది, 1720ల నుంచి వాళ్ల గుర్తు నీలిరంగులో ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టిన రెండు కత్తులు. ప్రపంచంలో ఇంతగా కాపీకొట్టిన ముద్ర ఇంకోటి ఉండదేమో. భూతద్దంతో చూస్తే మామూలుగా ఆ నీలం గ్లేజు కింద, నీటి అడుగున ఉన్నట్టు కనిపించాలి, గ్లేజు పైన గోరుకి తగిలేలా ఉంటే ఆగి ఆలోచించండి.

ఇంకో సులువైన గుర్తు. అమెరికా 1890లో ఒక దిగుమతి చట్టం చేసింది, మరుసటి ఏడాది నుంచి అక్కడికి వచ్చే సరుకు మీద తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాలని. అందుకని అడుగున దేశం పేరు ఇంగ్లీషులో ఉంటే సాధారణంగా 1891 తర్వాతిదే. జపాన్ వస్తువుల మీద 1921 దాకా 'నిప్పాన్' అని (జపనీస్‌లో ఆ దేశం పేరే) వేసేవాళ్లు, తర్వాత 'జపాన్' అయింది. పద్దెనిమిదో శతాబ్దం అని చెప్పి అమ్మే గిన్నె అడుగున 'మేడ్ ఇన్' అని కనిపించడం నేను నా కళ్లతో చూశాను, అమ్మేవాడు కూడా చూసి ఉండాలి మరి! పేరు లేకపోతే పాతదని మాత్రం అనుకోకండి, స్టిక్కరు ఊడిపోయి ఉండొచ్చు.

వెండి మీద ముద్రలు ఇంకా ముచ్చటైనవి. బ్రిటిష్ వెండి అయితే వరసగా నాలుగైదు చిన్న గుర్తులుంటాయి: నడుస్తున్న సింహం అంటే వెయ్యికి 925 పాళ్లు వెండి, పరీక్ష చేసిన ఊరికి ఒక గుర్తు (లండన్‌కి చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కి లంగరు, షెఫీల్డ్‌కి 1975కి ముందు కిరీటం, ఆ తర్వాత గులాబీ), ఏ సంవత్సరమో చెప్పే అక్షరం, చేసినవాడి పేరులో మొదటి అక్షరాలు. 'ఈపీఎన్ఎస్' అని ఉంటే అది వెండి కాదు, నికెల్ కలిసిన లోహం మీద కరెంటుతో వేసిన వెండి పూత. ఆ పద్ధతికి బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్‌లు 1840లో పేటెంటు తీసుకున్నారు. పూత వస్తువుని ఎత్తుగా ఉండే చోట్ల చూడండి, చెంచా వీపు, పిడి మలుపు. చేయి ఎక్కువ తగిలేది అక్కడే, పూత అరిగి కింద వేరే రంగు బయటపడుతుంది.

చెక్క వస్తువులకి వీపు, సొరుగు అడుగు. ఎండేకొద్దీ చెక్క నారకి అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడుగునా దాదాపు తగ్గదు. అందుకే నిజంగా పాతదైన గుండ్రటి బల్లని టేపు పెట్టి కొలిస్తే ఒక వైపు కొంచెం తక్కువ వస్తుంది. కచ్చితమైన వృత్తంగా ఉంటే ఎందుకో అడగాలి. ఇంక పురుగు రంధ్రాలు. పురుగు బయటికి వచ్చేటప్పుడు గుండ్రటి చిన్న చిల్లు పెట్టి వస్తుంది, దాని సొరంగం చెక్క లోపలే ఉండిపోతుంది. పైకి సొరంగం కాలువలా పొడుగునా తెరుచుకుని కనిపిస్తే, పురుగు తినేశాక ఎవరో ఆ చెక్కని కోశారని అర్థం, అంటే పాత చెక్కతో కొత్త వస్తువు చేశారు. ఇది తెలిసిన రోజు నాకు డిటెక్టివ్ అయిపోయినంత సంబరం వేసింది.

దంతం, ఎముక, రెజిన్ మూడింటికీ తేడా భూతద్దంతో చాలావరకు తెలుస్తుంది. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోసిన వైపు చూస్తే సన్నటి గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టు ఉంటాయి, ఎముక మీద రక్తనాళాలు నడిచిన చిన్న చిన్న నల్లటి చుక్కలు, రెజిన్‌లో రెండూ ఉండవు, గాలి బుడగలు, అచ్చు గీత ఉంటాయి. కాల్చిన సూది గుచ్చి చూడమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు, వినకండి, వస్తువు పాడవుతుంది, సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) అయితే అంటుకుంటుంది కూడా. నెట్సుకేకి ఇంకో పరీక్ష ఉంది: తాడు దూర్చడానికి రెండు రంధ్రాలుంటాయి, చాలాసార్లు ఒకటి కొంచెం పెద్దది, ముడి లోపల దాగడానికి. వాడినదైతే ఆ అంచులు నున్నగా ఉంటాయి. బట్టకి తగులుకునేలా కోసుగా పొడుచుకొచ్చిన భాగాలుంటే అది వాడడానికి చేసింది కాదని అనుమానించాలి.

కాగితం మీది బొమ్మలకి క్లుప్తంగా: భూతద్దంలో రంగుల చుక్కలు ఒక పద్ధతిలో కనిపిస్తే అది ఫోటో తీసి అచ్చేసిన నకలు. రాగిరేకు మీద చెక్కి గట్టిగా ఒత్తి అచ్చేసినదైతే బొమ్మ చుట్టూ రేకు అంచు కాగితంలోకి దిగిన గాడి సాధారణంగా ఉంటుంది.

5. మరమ్మతులు వెతకండి

మరమ్మతు ఉండడం తప్పు కాదు, దాచడం తప్పు. పోర్ట్‌ల్యాండ్ వేజ్ అని రోమన్ల నాటి గాజు పాత్ర, దాన్ని 1845లో బ్రిటిష్ మ్యూజియంలో ఒక సందర్శకుడు ముక్కలు చేశాడు, అతికించారు, తర్వాతి కాలంలో మళ్లీ విప్పి మళ్లీ అతికించారు, అయినా ఇప్పటికీ దాని విలువ దానిదే. ఎందుకంటే ఆ సంగతి అందరికీ తెలుసు.

చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూస్తే కొత్త జిగురు, కొత్త రంగు చుట్టుపక్కల కంటే వేరుగా మెరుస్తాయి. కాగితం ఆ వెలుగులో తెల్లగా నీలంగా మెరిసిపోతే అందులో మెరుపు రసాయనాలు ఉన్నట్టు, అవి 1950 ప్రాంతం నుంచే కాగితాల్లోకి వచ్చాయి, కాబట్టి 1850 నాటి బొమ్మ అలా మెరవకూడదు. పింగాణీ గిన్నెని అరచేతిలో పెట్టుకుని గోటితో చిన్నగా తట్టండి, బీట ఉంటే మోగకుండా చచ్చుగా ఠప్‌మంటుంది.

6. పుట్టుపూర్వోత్తరాలు అడగండి

ఈ వస్తువు ఇంతకుముందు ఎవరి దగ్గర ఉంది, ఎప్పుడు చేతులు మారింది, ఆ దేశం నుంచి ఎప్పుడు బయటికొచ్చింది. ఇవి అడగడానికి మొహమాటపడతారు చాలామంది, మొహమాటం అంటే డబ్బు పోగొట్టుకోవడమే. సాంస్కృతిక సంపద అక్రమ రవాణా మీద యునెస్కో ఒప్పందం 1970లో వచ్చింది, అప్పటి నుంచి మ్యూజియంలూ మంచి వ్యాపారులూ ఆ ఏడాదిని గీతగా పెట్టుకున్నారు. మట్టిలోంచి ఇప్పుడే తీసినట్టున్న విగ్రహాలు, గుడిలోంచి పెకలించిన గుర్తులున్న రాళ్లు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. దంతం విషయంలో ఇంకా కఠినం. ఆఫ్రికా ఏనుగుని 1989లో సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో చేర్చాక దేశాల మధ్య దంతం వ్యాపారం మీద నిషేధం వచ్చింది, పాత దంతానికి మినహాయింపులు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉన్నాయి. తాబేటి చిప్ప, కొన్ని పగడాలు కూడా ఇదే కోవ. కొనేముందు మీరున్న దేశం చట్టం, వస్తువున్న దేశం చట్టం రెండూ చదవండి, కస్టమ్స్‌లో పడే టెన్షన్ కంటే అది నయం. ఇంటర్‌పోల్ 2021లో ఐడీ-ఆర్ట్ అని ఫోన్ యాప్ విడుదల చేసింది, దొంగిలించిన కళావస్తువుల జాబితా అందులో వెతకొచ్చు.

కాగితాలు చూపించగానే నమ్మేయకండి. అమెరికాలోని గెట్టీ మ్యూజియం 1985లో ఒక గ్రీకు యువకుడి పాలరాతి విగ్రహం కొంది, ప్రాచీనమైనదని కాగితాలున్నాయి. తర్వాత చూస్తే 1952 తేదీ ఉన్న ఉత్తరం మీద 1972 దాకా పుట్టని పోస్టల్ కోడ్ ఉంది! విగ్రహం అసలుదా కాదా అన్నది ఇంకా తేలలేదు, 2018లో ప్రదర్శన నుంచి తీసేశారు. వస్తువుని చదివినట్టే కాగితాన్నీ చదవాలి, తేదీ, చిరునామా, టైపు, అన్నీ.

పెద్ద నిపుణుడు చెప్పాడన్నదీ అంతే. 1937లో అబ్రహాం బ్రేడియస్ అనే పేరున్న పండితుడు ఒక బొమ్మని పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ వేసిన గొప్ప కృతి అని పొగిడాడు. అది హాన్ వాన్ మేగెరెన్ వేసిన నకిలీ. ఆ రంగులో బేకలైట్ అనే ప్లాస్టిక్ ఉంది, వెర్మీర్ పోయిన రెండు శతాబ్దాల తర్వాత పుట్టిన పదార్థం.

7. కొనే రోజు

ఇక్కడ నా పద్ధతి చెప్తాను, మీకు నచ్చితే తీసుకోండి. ముందు అమ్మేవాళ్లని ఒకే ప్రశ్న అడుగుతాను: "దీంట్లో మరమ్మతు ఎక్కడుంది?" ఉందా అని కాదు, ఎక్కడుంది అని. నిజాయితీపరుడు వేలు పెట్టి చూపిస్తాడు, లేదా తను వెతికినా కనపడలేదంటాడు. "అసలు ఏమీ లేదు, గ్యారంటీ" అని గబగబా అనేవాడి దగ్గర ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ చూస్తాను. తర్వాత అది కింద పెట్టేసి బయట ఒక చుట్టు తిరిగొస్తాను, ఈలోపు వేరేవాళ్లు కొనేస్తే కొనేశారు. రసీదు మీద "పాత వస్తువు" అని కాకుండా ఏ పదార్థం, ఏ కాలం, ఏ దేశం, ఏ లోపాలు అన్నది రాయమంటాను, ఆ నాలుగూ రాయడానికి వెనకాడితే నేనూ వెనకాడతాను.

వేలంలో అయితే మీ ఆఖరి అంకె ముందే కాగితం మీద రాసుకోండి, సుత్తి ధర (పాట ఆగిన ధర) మీద కొనేవాళ్ల కమిషన్ కూడా పడుతుంది, అది కలుపుకుని రాసుకోండి. ఆన్‌లైన్‌లో అయితే అడుగు, అంచు, లోపలి భాగం, పక్కవెలుగులో తీసినవి, కనీసం ఈ నాలుగు ఫోటోలు అడగండి, పంపకపోతే వదిలేయండి.

ఒకే డబ్బుకి పెద్ద పేరున్నవాడి నాసిరకం వస్తువు, పేరు తెలియనివాడి గొప్ప వస్తువు వస్తుంటే నేను రెండోదే తీసుకుంటాను. దీనితో ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లు తిరిగి అమ్మే ఆలోచనతో కొంటారు. నాకు ఆ లెక్క రాదు.

8. ఇంటికి తెచ్చాక

తోమకండి. దయచేసి తోమకండి. కంచు మీద పట్టిన ఆ గోధుమ, ఆకుపచ్చ పొర దశాబ్దాలుగా ఏర్పడింది, ఒక చిన్న కంచు కప్ప మీద దాన్ని నేను అరగంటలో పాలిష్‌తో వదలగొట్టాను, ఇప్పుడది కొత్త తలుపు గొళ్లెంలా మెరుస్తూ ఉంటుంది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపడం చాలు. ఒక్క విషయంలో మాత్రం వెంటనే కదలాలి: కంచు మీద లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా పొంగి, దులిపినా కొన్నాళ్లకి మళ్లీ వస్తుంటే అది మామూలు చిలుము కాదు, లోహంలోని క్లోరైడ్లు తేమతో కలిసి లోపల్నుంచి తినేస్తున్నాయి. దాన్ని వేరే పెట్టి, గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి, తేమ 40 శాతం కంటే తక్కువ ఉండేలా చూసి, సంరక్షణ నిపుణులకి చూపించండి.

వెండి నల్లబడేది గంధకం వల్ల, కాబట్టి వెండి చుట్టూ రబ్బరు బ్యాండు వేయకండి, ఉన్ని గుడ్డలో చుట్టకండి. ముంచి తీసే ద్రావకాలు వాడితే నగిషీ సందుల్లో ఉండాల్సిన నలుపు కూడా పోయి పనితనం చదునుగా కనిపిస్తుంది. కాగితం, బట్ట, నీటిరంగుల బొమ్మలు వెలుగుకి వెలిసిపోతాయి, మ్యూజియంలలో వాటి మీద పడే వెలుగుని 50 లక్స్ (వెలుగుకి కొలత) దగ్గర ఆపుతారు, ఇంట్లో అయితే కిటికీకి ఎదురు గోడ మీద పెట్టకపోవడమే పెద్ద మేలు. చెక్కని ఎండకీ ఏసీ గాలికీ దూరంగా ఉంచండి, తేమ ఒక్కసారిగా పెరిగి తగ్గడమే దానికి అసలు శత్రువు.

చివరి పని రిజిస్టరు. ఆబ్జెక్ట్ ఐడీ అని 1997లో వచ్చిన అంతర్జాతీయ పద్ధతి ఒకటి ఉంది, దొంగతనం జరిగితే పోలీసులు, కస్టమ్స్‌వాళ్లు, బీమావాళ్లు అందరికీ అర్థమయ్యేలా వస్తువుని వర్ణించే పద్ధతి: రకం, పదార్థం, కొలతలు, రాతలూ ముద్రలూ, ప్రత్యేకమైన గుర్తులు, బొమ్మ దేనిది, కాలం, చేసినవాడు, వాటితో పాటు ఫోటోలు. "అందమైన నీలం గిన్నె" అని రాస్తే ఎవరికీ దొరకదు, "అంచున 4 మిల్లీమీటర్ల పెచ్చు, అడుగున ఎడమవైపు బట్టీ ఇసుక రెండు గింజలు" అని రాస్తే దొరుకుతుంది. ఎక్కడ, ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నారో రాసి రసీదు జతపరచండి. నంబరుని వస్తువు మీద పెన్నుతోనో స్టిక్కరుతోనో వేయకుండా దారంతో కట్టిన చీటీ మీద పెన్సిల్‌తో రాయండి. రిజిస్టరు నకలు ఒకటి ఇంటి బయట ఎక్కడైనా ఉంచండి.

నా రిజిస్టరులో 1వ నంబరు ఆ ఎలుకే. పదార్థం దగ్గర ముందు 'దంతం' అని రాసి కొట్టేసి 'రెజిన్' అని రాశాను, ప్రత్యేకమైన గుర్తుల దగ్గర 'గడ్డం నుంచి తోక దాకా అచ్చు గీత' అని ఉంది.